దక్షిణ భాగంలో దర్శనం

ప్రాంతీయ ఉత్తర్వుల జారీ కార్యాలయంలో ఒకప్పుడు ఉత్తర్వులు జారీ అయ్యేవి. ఆలస్యంగా అయ్యేవి, అచ్చుతప్పులతో అయ్యేవి, ఒక్కోసారి ఒకరి బదిలీ కాగితం ఇంకొకరి చేతికి అందేది. అయినా మొత్తానికి జారీ అయ్యేవి. తర్వాత ఆ కార్యాలయం అభివృద్ధి చెందింది.

ఈ అభివృద్ధికి కారకురాలు బొద్దుల శ్రీలత. పాపం, కావాలని చేయలేదు. ఆమె అక్కడ కాంట్రాక్టు మీద టైపు చేసే మనిషి. చేరిననాడు పెళ్ళికాని పిల్ల, ఇప్పుడు కొడుకు హైస్కూల్లో ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఎంతమంది పర్మినెంటు ఉత్తర్వులు ఆమె వేళ్ళ కింద నుంచి వెళ్ళాయో లెక్కలేదు. బంతిలో అందరికీ వడ్డించి తన విస్తరి దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయినట్టు, ఏటా ఆమె వంతు రాకుండానే సంవత్సరం గడిచిపోయేది.

ఆ ఏడు దసరా ముందర ప్రభుత్వానికి దయ పుట్టింది. ఆమెను కూడా పర్మినెంటు చేయడానికి అనుమతి వచ్చింది. మార్చి ముప్పై ఒకటిలోగా ఈ కార్యాలయం ఉత్తర్వు జారీ చేయాలి. చేయకపోతే అనుమతి మురిగిపోతుంది. మురిగిన అనుమతిని మళ్ళీ బతికించిన వైద్యుడు సర్కారులో ఇంతవరకు పుట్టలేదు. శ్రీలత తన ఉత్తర్వు తానే టైపు చేసుకోవాలి, పెద్దసారు సంతకం పెట్టాలి, అంతే పని. కనీసం ఆమె అంతే అనుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్దసారు రాజధానిలో శిక్షణ పొంది వచ్చారు.

పెద్దసారంటే సంయుక్త సంచాలకులు డాక్టర్ కేశిరెడ్డి విద్యాధర్ గారు. ఆయన ఫైళ్ళలో ఎన్నడూ 'నేను' అని రాసి ఎరుగరు. 'ఈ దిగువ సంతకందారు' అని రాసేవారు. రాసీ రాసీ మాట కూడా అలాగే అయిపోయింది. ఇంట్లో ఉప్పు తక్కువైతే కూడా దిగువ సంతకందారు దృష్టికి వచ్చిందనే అంటారని గిట్టనివాళ్ళు చెప్పుకునేవారు.

శిక్షణలో ఆయనకు తెలిసిందేమిటంటే, కంప్యూటరు కంపెనీల్లో తెలివైనవాళ్ళు ఎవరూ అలంకారాలతో రాయరట. ఎడిటర్ అనే సాదా పలకలాంటి దాంట్లో ఉత్త అక్షరాలు రాస్తారట. మాట లావుగా కనబడాలంటే దానికి ముందు రెండు, వెనక రెండు నక్షత్రాలు పెడతారు. శీర్షిక కావాలంటే ముందు అడ్డం రెండు, నిలువు రెండు గీతల హ్యాష్ గుర్తు పెడతారు. ఫైలు గాలిలా తేలిగ్గా ఉంటుంది. ఇక నుంచి మన ఉత్తర్వులన్నీ ఇలాగే రాయాలని ఆయన మర్నాడే ఆదేశించారు. శ్రీలత రాసింది. రాసింది తెచ్చి తెర మీద చూపిస్తే ఆయన ముఖం మాడిపోయింది.

"నా పేరునకు ఇరువైపుల ఈ నక్షత్రములేమి?" అన్నారు. కంగారులో 'నా' అనేశారు.

పక్కన సూపరింటెండెంటు గాజుల సమ్మయ్య నిలబడి ఉన్నాడు. రిటైర్‌మెంటు దగ్గరపడ్డ మనిషి, నియమాలన్నీ నోటికి వచ్చు, వాటి అవసరం మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగాడు.

"నాకు తెల్వక అడుగుత సార్. మనిషికి జన్మనక్షత్రం ఒక్కటే ఉంటది. మీకు ముందట రెండు, ఎనుక రెండు పెట్టింది. నాలుగు నక్షత్రాల మీద పుట్టినోళ్ళు ఉంటరా? పైన శీర్షిక పక్కకు ముగ్గు గూడ ఏసింది."

"జన్మనక్షత్రము కాదు సమ్మయ్య గారూ. ప్రకటనలయందు నక్షత్రము ఉన్నచో 'షరతులు వర్తించును' అని అర్థము. ఈ దిగువ సంతకందారునకు ఏ షరతులు వర్తించునో వివరణ కోరబడుచున్నది."

పట్టపగలు చుక్కలు చూపించడమంటే ఏమిటో శ్రీలతకు ఆ రోజు తెలిసింది. చూపించింది తానే, చూసిందీ తానే.

"సార్, అవి గుర్తులు. లోపల్నే ఉంటయి, బయటికి కనవడయి," అంది.

"కనబడుచున్నవి కదా."

"కనవడకుండ చేస్త సార్."

ఎందుకు చేస్తానంది? పెద్దసారు సంతోషంగా ఉంటే తన కాగితం మీద సంతకం తొందరగా పడుతుందని. అందులో తప్పేముంది? ఆశ ఉన్న మనిషి ఎవరైనా అదే చేస్తారు. ఆ వారమంతా ఇంటికి వెళ్ళి ఫోనులో వీడియోలు చూసి, పొద్దున వచ్చి ఎడిటర్‌లో అమర్చింది. తెరను నిలువునా రెండుగా చీల్చింది. ఎడమ సగంలో ముడి అక్షరాలు, నక్షత్రాలు, హ్యాష్‌లు. కుడి సగంలో అదే ఉత్తర్వు అచ్చయితే ఎలా ఉంటుందో అలా. మొదట్లో కుడివైపు తెలుగు ఒత్తులన్నీ ఊడి కింద పడ్డాయి. 'ఉత్తర్వు' మూడు ముక్కలై వేలాడింది. సరైన ఫాంటు వెతికి పెడితే ఒత్తులు వాటి చోటికి చేరాయి. ఎడమవైపు మౌసు చక్రం తిప్పితే కుడివైపు కూడా దాంతోపాటే జరిగేలా చేసింది. పైన ప్రభుత్వ ముద్ర బొమ్మ కూడా వచ్చేలా పెట్టింది. ఇంగ్లీషులో దీన్ని ప్రివ్యూ అంటారు.

విద్యాధర్ గారు కుర్చీలో కూర్చుని చూశారు. కుడివైపు ఆయన పేరు లావుగా, నల్లగా, గుండెలు విరుచుకుని నిలబడి ఉంది. ఎడమవైపు ఒక నక్షత్రం తుడిపారు. పేరు బక్కచిక్కింది. మళ్ళీ పెట్టారు. బలిసింది. భోజనం వేళ దాటేదాకా ఆయన తన పేరును బక్కచిక్కిస్తూ, బలిపిస్తూ కూర్చున్నారు. లేచేటప్పుడు కళ్ళు చెమర్చాయని అటెండరు చెప్పాడు.

మర్నాడు నోటీసు బోర్డు మీదికి ప్రకటన ఎక్కింది. భాష ఆయనదే.

'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ ఉత్తర్వునైనను పూర్వదర్శనము కాకుండ జారీ చేయరాదు. తెర యొక్క వామభాగమున ముడిపాఠ్యము, దక్షిణభాగమున పూర్వదర్శనము ఉండును. వామభాగమును చూచి ఎవరును ఎట్టి అభిప్రాయమును ఏర్పరచుకొనరాదు. ఉద్యోగులు కానివారు సదరు యంత్రమును తాకరాదు.'

ప్రివ్యూ అని రాసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. పూర్వదర్శనమన్నారు.

మొదట వామభాగం దగ్గర చిక్కు వచ్చింది. ఎడమ సగం తనిఖీ చేసే పని సమ్మయ్యకు అప్పగించారు. ఆయన చేతులు జోడించాడు.

"సార్, ఎండకాలంల రిటైరయ్యేటోన్ని. నన్ను వామపక్షంల కలుపకున్రి. ఇంటెలిజెన్సోళ్ళు రాసుకుంటరు, పింఛను ఆగుతది."

"అది పక్షము కాదు. భాగము."

"పక్షమైనా భాగమైనా ఎడమే గద సార్."

ఆయనను దక్షిణ భాగానికి మార్చారు. ఇది ఇంకా పెద్ద చిక్కు. నోటీసు బోర్డు చదివిన జనం తిన్నగా ఆయన టేబులు దగ్గరికి వచ్చి, "దక్షిణ ఎంతండీ?" అని అడగడం మొదలుపెట్టారు. సమ్మయ్య జీవితంలో పరాయి చాయ్ తాగి ఎరగడు. నెత్తీ నోరూ కొట్టుకుని, దక్షిణ అంటే కుడి, కుడి అని చెయ్యి చూపించేవాడు. ఆ చూపించిన చేతిలోనే ఎవరో కొబ్బరికాయ పెట్టి వెళ్ళారు.

దర్శనమన్నాక పద్ధతులు వాటంతట అవే వచ్చాయి. కంప్యూటరు గదికి దుమ్ము రాకుండా చెప్పులు బయట విడవడం ముందునుంచీ ఉన్న ఆచారమే. ఇప్పుడు కాళ్ళు కడుక్కుని రావడం కూడా కలిసింది. వరుసకు కర్రలు కట్టారు. వృద్ధులకు, చంటిపిల్లల తల్లులకు వేరే వరుస పెట్టారు. శాసనసభ్యుడి ఉత్తరం తెచ్చినవాళ్ళకు శీఘ్రదర్శనం ఇచ్చారు. శ్రీలత కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచేది. వచ్చినవాళ్ళు కుడివైపు తమ పేరు చూసుకుని, ఒక క్షణం నిలబడి, "నడువున్రి, నడువున్రి" అని సమ్మయ్య అంటే కదిలేవారు.

మల్యాల నర్సింగం అని ఒక రిటైర్డు పంతులు ఉండేవాడు. పింఛను సవరణ కోసం ఏళ్ళ తరబడి ఈ ఆఫీసు గడప అరగదీసిన మనిషి. ఆయన వంతు వచ్చింది. తెర కుడివైపు ముద్ర కింద తన పేరు చూశాడు. చేతులు జోడించాడు.

"ఇగ ఏ రంది లేదు బిడ్డా," అన్నాడు శ్రీలతతో. "కండ్లతోని చూసిన."

కాగితం అడగలేదు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి, "ఉన్నదా?" అన్నాడు. శ్రీలత తెరిచి చూపించింది. ఉంది. ఆయన తృప్తిగా వెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి వారం వచ్చేవాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ రావడం మొదలుపెట్టారు. తమ ఉత్తర్వు తమకోసం అక్కడ ఉందని తెలిస్తే జనానికి అదో ధీమా.

ఈ మార్పును విద్యాధర్ గారు శాస్త్రీయంగా పరిశీలించారు. ఫిర్యాదుల పెట్టె తెరిపిస్తే అందులో ఒక్క కాగితమూ లేదు, ఎవరో వేసిన పసుపు కుంకుమ తప్ప. ఆయన సిబ్బందిని సమావేశపరిచారు.

"జారీ అయిన ఉత్తర్వుపై ఏమేమి సంభవించును? కోర్టుకు పోవుదురు. ఆడిట్ అభ్యంతరము వచ్చును. సవరణ కోరెదరు. సవరణకు మరల సవరణ కోరెదరు. పూర్వదర్శనమునందలి ఉత్తర్వుపై ఎవరైనను ఏమైనను చేయగలరా?"

"చేయలేరు సార్," అన్నాడు సమ్మయ్య.

"ప్రజలు సంతుష్టులై ఉన్నారా?"

"కొబ్బరికాయలు తెస్తున్నరు సార్."

"కావున ఉత్తర్వు యొక్క ప్రయోజనము దర్శనముతోనే నెరవేరుచున్నది. జారీ అనునది కేవలము పాత అలవాటు. జారీ విభాగము రద్దు పరచనైనది."

రబ్బరు ముద్రలు, ఇంకు దిండు, మిగిలిన తెల్లకాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. జారీ విభాగం రద్దు ఉత్తర్వును టైపు చేసింది శ్రీలతే. చేస్తుండగా తన సంగతి గుర్తొచ్చింది. తన కాగితం ఇంకా వామభాగంలోకి కూడా ఎక్కలేదు. ఇన్నాళ్ళూ జనం రద్దీతో చేయి ఖాళీ దొరకలేదు. ఆ సాయంత్రం కూర్చుని తన ఉత్తర్వు తాను రాసుకుంది. ఎవరికీ రానంత అందంగా వచ్చింది. కుడివైపు ముద్ర, సంఖ్య, తేదీ, కింద నల్లగా బొద్దుల శ్రీలత, ఆ కింద 'సేవలు క్రమబద్ధీకరించడమైనది'. చూస్తుంటే ఆమెకు కూడా ఒక క్షణం అంతా అయిపోయినట్టే అనిపించింది. తెరను ముట్టుకుంటే వేలికి గాజు తగిలింది.

మర్నాడు వెళ్ళి పెద్దసారును అడిగింది.

"సార్, నాది జారీ చేయిస్తే బాగుండు. మార్చి దాటితే మురిగిపోతది."

"నీవు దర్శించితివా?"

"దర్శించిన సార్."

"అక్షరదోషములేమైన ఉన్నవా?"

"లేవు సార్."

"మరి లోపమేమి?"

జీతం పర్మినెంటుది రాదు సార్ అని చెప్పవచ్చు. కానీ ఆయన ఆ ముక్కకు కూడా దర్శనం ఇప్పిస్తారని భయమేసింది. బయటికి వచ్చాక సమ్మయ్య ఓదార్చాడు.

"గాబరపడకు బిడ్డా. సూస్తనే సగం కడుపు నిండుతది."

"మిగిలిన సగం సార్?"

సమ్మయ్య ఆలోచించాడు. ఆ సగానికి నియమం గుర్తు రాలేదు.

ఫిబ్రవరి నెలాఖరుకు శ్రీలత కాంట్రాక్టు గడువు ముగిసింది. ఏటా ముగిసేదే, ఏటా ఒక ఉత్తర్వుతో పొడిగించేదే. ఈసారి పొడిగింపు ఉత్తర్వు కూడా తయారైంది, దక్షిణ భాగంలో వెలిగింది, పెద్దసారు చూసి తల ఊపారు. మర్నాడు పొద్దున శ్రీలత చెప్పులు విడుస్తుంటే సమ్మయ్య గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ ఉంది.

"నువ్వు ఇయాల లోపలికి రావద్దు బిడ్డా. నీ కాంట్రాక్టు అయిపోయింది."

"రెన్యువల్ ఆర్డరున్నది గద సార్. మీరే చూసిన్రు."

"చూసిన. మస్తుగున్నది. కని జారీ గాలె."

"మరి నా పర్మినెంటు ఆర్డరు?"

"అది గూడ మస్తుగున్నది."

శ్రీలత విడిచిన చెప్పులు మళ్ళీ వేసుకుంది. మెట్లు దిగుతుంటే ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేదు. ఈ గుడి కట్టింది తానే. తలుపు మూసింది పూజారి. పూజారిని పెట్టించింది కూడా తన నక్షత్రాలే.

బజారులో ఆమె చిన్నమ్మ కొడుకుకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. అక్కడ టైపు చేయడానికి కూర్చుంది. పుట్టినరోజు శుభాకాంక్షలు, కల్లు దుకాణం ప్రారంభం, దశదిన కర్మ, అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళేవి. అక్కడ కూడా ముందు తెర మీద చూపించేవాళ్ళు. కానీ చూసినవాడు "సరే, కొట్టు" అనేవాడు. మిషను గరగరమని తిరిగి, తడి రంగు వాసనతో బట్ట బయటికి వచ్చేది. అది భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు. మొదటి రెండు రోజులు శ్రీలతకు అది వింతగా కనిపించింది. తర్వాత తనకు పట్టిన పిచ్చి ఏమిటో మెల్లగా అర్థమైంది. అర్థమవుతున్నకొద్దీ మార్చి తరిగిపోతోంది.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం సమ్మయ్య దుకాణానికి వచ్చాడు. ఆమెను చూసి కాసేపు తడబడ్డాడు.

"రాజధాని నుంచి కమిషనర్ సార్ వస్తున్నడు బిడ్డా, ముప్పై ఒకటినాడు. మన పూర్వదర్శనం సూడనీకి. నచ్చితే రాష్ట్రం మొత్తం పెడతరట. పెద్దసార్‌కు ప్రమోషనట. స్వాగతం ఫ్లెక్సీ కావాలె."

"దర్శనం మంచిగ నడుస్తున్నదా సార్?"

సమ్మయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. శ్రీలత వెళ్ళిన మూడోనాడే అటెండరు బట్టతో కీబోర్డు తుడిచాడు. ఏ మీట నలిగిందో, కుడి సగం మాయమైంది. తెరంతా వామభాగమే. నక్షత్రాలు, ముగ్గులు. ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. గది తలుపు మీద 'దర్శనము నిలిపివేయబడినది' అని బోర్డు పెట్టి, జనానికి గ్రహణం అని చెబుతున్నారు. నర్సింగం పంతులు మాత్రం, ఇన్ని రోజుల గ్రహణం తాను ఏ పంచాంగంలోనూ చూడలేదని మెట్ల మీదే కూర్చుంటున్నాడు.

శ్రీలత మౌసు అందుకుంది. ఫ్లెక్సీ తయారుచేసి తెర మీద చూపించింది. కమిషనర్ ఫోటో, పక్కన విద్యాధర్ గారి ఫోటో, మధ్యలో స్వాగతం సుస్వాగతం. సమ్మయ్య తనివితీరా చూశాడు.

"మస్తుగున్నది," అని లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోబోయాడు.

"సార్, ప్రింటు వద్దా?"

ఆయన ఆగాడు. గాలిలోకి చూశాడు.

"ప్రింటా," అన్నాడు. "అవు గద. అదొకటుంటది గద."

ముప్పై ఒకటో తేదీ పొద్దున విద్యాధర్ గారే ఫోను చేశారు.

"నీవు తక్షణమే కార్యాలయమునకు హాజరు కావలెను."

"ఏ హోదాల రావాలె సార్?"

"హోదా విషయము తదుపరి పరిశీలించబడును. ముందు రమ్ము."

"అయితే వచ్చిననుకోన్రి సార్."

"అనుకొనుట ఏమి?"

"పూర్వదర్శనంల వచ్చిన సార్. చూసుకోన్రి."

ఫోను పెట్టేసింది. ఇన్నేళ్ళలో పెద్దసారుతో అలా మాట్లాడింది లేదు. మాట్లాడి బాగుపడ్డవాళ్ళనూ చూడలేదు. సాయంత్రంతో అనుమతి మురిగిపోతుంది, దాంతోపాటు ఇన్నేళ్ళ తన చాకిరీ కూడా. తాను తెలివిగల పని చేసిందో, కాళ్ళు తానే నరుక్కుందో తెలియక మంచినీళ్ళు తాగింది. గ్లాసు దించేసరికి దుకాణం ముందు ఆఫీసు జీపు ఆగింది.

జీపులో వెళ్ళింది. మెట్లెక్కింది. చెప్పులు విడిచింది. కంప్యూటరు గది గడప దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రమ్ము," అన్నారు విద్యాధర్ గారు. ఆయన చొక్కా చెమటకు వీపుకు అతుక్కుంది.

"ఉద్యోగులు కానోళ్ళు ముట్టొద్దని మీ ప్రకటనే సార్. నేను ఉద్యోగిని కాదు."

"కాంట్రాక్టు ఇప్పుడే పొడిగించెదను."

ఇక్కడ సమ్మయ్యకు నియమం గుర్తొచ్చింది. గుర్తొచ్చిన నియమాన్ని మింగడం ఆయన వల్ల కాదు. "గడువు దాటిన కాంట్రాక్టును పొడిగించే అధికారం మనకు లేదు సార్. రాజధానికి రాయాలె. మీ సంతకంతోని అయ్యేది పర్మినెంటు ఒక్కటే. అదిగూడ ఇయాల్టి దాకనే."

కమిషనర్ కారు ఊరి పొలిమేర దాటిందని ఫోను వచ్చింది.

"అయినచో ఆ ఉత్తర్వే జారీ చేయుదము. పూర్వదర్శనము తెరువుడు," అన్నారు విద్యాధర్ గారు.

"తెరిచేది ఆ పిల్లనే సార్. పిల్ల లోపలికి రావాలంటే ఉత్తర్వు కావాలె."

విద్యాధర్ గారు తన జీవితంలో మొదటిసారి తన ప్రకటనకు తానే ఎదురుపడ్డారు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. ఆఖరికి ఆయన, ఎవరూ వినకూడదన్నట్టు అడిగారు.

"సమ్మయ్య గారూ. చేతితో వ్రాసినచో?"

బీరువా తాళం తీశారు. తెల్లకాగితం దొరికింది. ఇంకు దిండు ఎండి పెంకై ఉంటే అటెండరు నీళ్ళు చిలకరించాడు. విద్యాధర్ గారు జేబులో ఆభరణంగా పెట్టుకునే బంగారు రంగు పెన్ను తీశారు. మూత రాకపోతే పళ్ళతో లాగారు. ఎన్నాళ్ళకో కాగితం మీద అక్షరం రాస్తున్నారు. గీత పైకి పోయింది, ఒత్తు కింద పడింది. గుమ్మం బయట నుంచి శ్రీలత మెడ చాచి చూస్తోంది.

"పూర్తి పేరు?"

"బొద్దుల శ్రీలత సార్."

"వివాహిత కదా?"

"ఔను సార్."

ఆయన రాశారు. సంతకం పెట్టారు. సమ్మయ్య సంఖ్య వేసి, ముద్ర గుద్ది, గడప ఇవతలి నుంచి అవతలికి కాగితం అందించాడు. శ్రీలత దాన్ని చదివే వ్యవధి లేదు. మడిచి చేతిలో పట్టుకుని లోపలికి నడిచి, రెండు మీటలు కలిపి నొక్కింది. తెర నిలువునా చీలింది. దక్షిణ భాగం వెలిగింది. బయట కారు తలుపు చప్పుడైంది.

కమిషనర్ గారు చాలా సంతోషించారు. తన పేరు లావు చేసి చూసుకున్నారు. ఈ విధానాన్ని రాష్ట్రమంతటా అమలు చేస్తామని, ముందుగా రాజధానిలో పెడతామని అక్కడికక్కడే ప్రకటించారు. విద్యాధర్ గారికి పదోన్నతి ఇస్తున్నామని కూడా చెప్పారు. ఆ ఉత్తర్వు సిద్ధం కాగానే కబురు చేస్తామని, రాజధానికి వచ్చి దర్శించుకుని వెళ్ళవచ్చని భుజం తట్టారు. విద్యాధర్ గారి చిరునవ్వు అక్కడే గట్టిపడింది.

కారు వెళ్ళాక శ్రీలత కాగితం విప్పింది. చదివింది. మళ్ళీ చదివింది. సమ్మయ్య దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఇందుల 'శ్రీమతి బొద్దుల లత' అని రాసిన్రు."

సమ్మయ్య చూశాడు. "కరెక్టే గద బిడ్డా. శ్రీ అంటే మొగోళ్ళకు. పెండ్లయినోళ్ళకు శ్రీమతి. పెద్దసార్ సరిజేసిండు."

"అది మర్యాదకు పెట్టిన శ్రీ కాదు సార్. నా పేరే శ్రీలత."

సమ్మయ్య కాగితం తీసుకుని మళ్ళీ చదివాడు. తర్వాత దయగా చెప్పాడు. "సవరణ ఉత్తర్వు రాయిస్త. ఏం కష్టం లేదు. పొద్దున వచ్చి దర్శనం చేసుకో."

శ్రీలత తెర వైపు చూసింది. దక్షిణ భాగంలో తన పాత ఉత్తర్వు ఇంకా తెరిచే ఉంది. ముద్ర గుండ్రంగా ఉంది, ఒత్తులన్నీ చోట్లలో ఉన్నాయి, బొద్దుల శ్రీలత నల్లగా నిండుగా ఉంది. చేతిలో కాగితం మీద ముద్ర అలికిపోయి ఉంది, గీతలు వంకర, పేరు ఎవరిదో. ఆఫీసు మూసే వేళయింది, దాంతోపాటు అనుమతి గడువు కూడా. సమ్మయ్య చేరిక రిజిస్టరు తెరిచి పెన్ను ముందుకు జరిపాడు.

"చెప్పు బిడ్డా. ఏమని రాసుకోవాలె? శ్రీలతవా, లతవా?"

ఆమెకు ఆ పేరు పెట్టింది నాయనమ్మ. బియ్యంలో వేలు పట్టి మొట్టమొదట దిద్దించిన అక్షరం కూడా ఆ శ్రీయే. అది గుర్తొచ్చింది. గడియారం వైపు చూసింది.

"లతను సార్," అని పెన్ను అందుకుంది. ఆ పేరుతో సంతకం చేయడం మొదటిసారి కాబట్టి కొంచెం వంకర పోయింది.